పవర్ బ్యాంక్‌తో విమానం ఎక్కే ముందు

పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, చేతి బ్యాగులోనే ఉండాలి. బట్టల మధ్య దూర్చేసి మర్చిపోతే, స్కానింగ్‌లో దొరికాక మిమ్మల్ని పిలిచి పెట్టె తెరిపిస్తారు, ఆ టెన్షన్ మనకెందుకు?

దాని మీద అచ్చయిన అంకెలు చదవండి. 100 వాట్ అవర్స్ (Wh, అంటే బ్యాటరీలో పట్టే శక్తి) లోపైతే మామూలుగా ఇబ్బంది ఉండదు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ దాటితే ఇంట్లో వదిలేయడమే. ఎంఏహెచ్ (mAh) ఒక్కటే రాసి ఉంటే 3.7తో గుణించి 1000తో భాగించండి: 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్ అన్నమాట. అంకెలు చెరిగిపోయిన పాతదైతే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఉబ్బినదాన్ని అసలు తీసుకెళ్లొద్దు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

విమానం లోపల పై అరలో పెట్టకుండా దగ్గరే ఉంచుకోండి. దాంతో ఛార్జింగ్ పెట్టుకోనిస్తారో లేదో ముందే ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకోండి.