పాత హైబ్రిడ్ కారుకు స్పార్క్ ప్లగ్గులు: కొనడం దగ్గర్నుంచి బిగించడం దాకా

ఒంగోలులోనో కావలిలోనో సెకండ్ హ్యాండ్‌లో ప్రియస్, క్యామ్రీ హైబ్రిడ్ లాంటి బండి కొన్నవాళ్లకి షెడ్డులో తరచూ వినపడే మాట ఒకటే: "హైబ్రిడ్డా, మేం చెయ్యి పెట్టం, చెన్నై తీసుకెళ్లండి." పెద్ద బ్యాటరీకో ఇన్వర్టర్‌కో అయితే ఆ మాట సబబే, కానీ స్పార్క్ ప్లగ్గుల కోసం అంత దూరం పోనక్కర్లేదు. ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ మామూలు 12 వోల్టుల మీదే పనిచేస్తుంది. ప్రియస్‌లో పెద్ద బ్యాటరీది 200 వోల్టుల పైమాట, మోటారుకి వెళ్లేసరికి 650 దాకా పెరుగుతుంది, నిజమే. కానీ ఆ కరెంటంతా ఆరెంజ్ రంగు కేబుళ్లలో వెళ్తుంది, వాటికీ ప్లగ్గులకీ సంబంధం లేదు. ఆరెంజ్ వైరు ముట్టుకోకండి, దాని మీద పానా కూడా ఆనించకండి, అంతే.

ఎప్పుడు మార్చాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. అమెరికాలో ప్రియస్‌కి టయోటా చెప్పే లెక్క 1,20,000 మైళ్లు, అంటే దాదాపు 1.9 లక్షల కిలోమీటర్లు. వీటిలో ఉండే ఇరిడియం ప్లగ్గులు (మొనకి ఇరిడియం అనే గట్టి లోహం వాడినవి) నిజంగానే అంత కాలం ఉంటాయి, పైగా ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండదు కాబట్టి అరుగుదల కూడా నిదానమే. అయినా మన దగ్గర దొరికే బండ్లు ఎక్కువగా పదేళ్లు దాటినవి, మీటరు రీడింగ్ ఎంతవరకు నమ్మాలో తెలీదు, కాబట్టి సర్వీసు కాగితాలు లేకుండా కొన్న బండికి ఒకసారి మార్చేసి, ఆ రోజు రీడింగ్ రాసిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకో సంగతుంది, హైబ్రిడ్‌లో మిస్సింగ్ తొందరగా తెలీదు. మామూలు కారైతే ఒక సిలిండర్ సరిగ్గా కొట్టకపోతే పికప్ పడిపోతుంది, డ్రైవర్‌కి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఆ లోటుని మోటారు పూడ్చేస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఆన్ అయ్యే క్షణంలో బండి కుదిపిందా, మైలేజీ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోందా అన్నవి గమనిస్తూ ఉండండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్ చదివే పరికరం) పెట్టించండి. పీ0301 నుంచి పీ0304 వరకు కోడ్ ఏది వచ్చినా చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది.

ఇక కొనడం. నా లెక్కలో పనిలో సగం ఇదే. స్విఫ్ట్ లాంటి పెట్రోల్ కార్ల ప్లగ్గులు నెల్లూరు, ఒంగోలు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగిన వెంటనే దొరుకుతాయి, హైబ్రిడ్‌వి స్టాకు పెట్టేవాళ్లు తక్కువ. షోరూమ్ స్పేర్స్ కౌంటర్లో ఛాసిస్ నంబరిచ్చి ఆర్డర్ పెట్టొచ్చు, లేదా చెన్నై, విజయవాడ డీలర్ల దగ్గర్నుంచి పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు. "ఇదీ సేమే సార్, పట్టేస్తుంది" అని చేతిలో పెట్టేది మాత్రం తీసుకోకండి. మరలు కలిసి సాకెట్లో కూర్చున్నంత మాత్రాన అది మీ ఇంజిన్ ప్లగ్గు అయిపోదు. మర పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది, తక్కువైతే లోపల ఖాళీగా మిగిలిన మరల మీద కార్బన్ పేరుకుంటుంది.

నంబరు చదవడం నేర్చుకుంటే ఎవరూ మోసం చెయ్యలేరు. 2010లో మన దేశానికి వచ్చిన 1.8 లీటర్ల ప్రియస్‌కి వాడే డెన్సో కంపెనీ ప్లగ్గు ఎస్‌సీ20హెచ్‌ఆర్11. ఇందులో 20 అంటే హీట్ రేంజ్ (ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె), ఆర్ అంటే లోపల రెసిస్టర్ (నిప్పురవ్వ వల్ల వచ్చే కరెంటు అలజడిని తగ్గించేది) ఉందని, చివరి 11 అంటే గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, 1.1 మిల్లీమీటర్లని. ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్న బండిలో రెసిస్టర్ లేని ప్లగ్గు వాడకూడదు. మిగతా మోడళ్లకి మాన్యువల్లో ఉన్న నంబరే ప్రమాణం, పాత ప్లగ్గు మీద ఉన్న నంబరు కాదు, ఎందుకంటే ముందు ఓనరు ఏం వేయించాడో మనకి తెలీదు. హోండా సివిక్ హైబ్రిడ్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఆ ఇంజిన్లో సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు, మొత్తం ఎనిమిది. డీజిల్ సియాజ్ మీద ఎస్‌హెచ్‌వీఎస్ (మారుతి తన చిన్న హైబ్రిడ్ సిస్టమ్‌కి పెట్టిన పేరు) అని చూసి ప్లగ్గులు అడిగేవాళ్లూ ఉన్నారు, డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు.

డూప్లికేట్ల బెడద ఎక్కువ. ఆన్‌లైన్లో సగం రేటుకి ఇరిడియం అని కనపడితే అనుమానించండి. అసలుదానికి మధ్య ఎలక్ట్రోడ్ సూదిమొనలా సన్నగా, సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది, పింగాణీ మీద అక్షరాలు శుభ్రంగా ఉంటాయి, ప్రతి ప్లగ్గుకి మొన తగలకుండా తొడుగు ఉంటుంది. నాలుగూ ఒకే పెట్టెవి, ఒకే బ్యాచ్‌వి అయితే మంచిది. ఇంటికొచ్చాక ఏదైనా చేయిజారి నేల మీద పడితే దాన్ని వాడకండి, లోపల పింగాణీ బీటలిచ్చినా పైకి కనపడదు.

పని తెల్లవారుజామున పెట్టుకోండి, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు తిప్పితే మర లాగేస్తుంది, అప్పుడు లేత్ షాపు చుట్టూ తిరగాలి. మన రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం ఆపిన బండి సాయంత్రానికి కూడా చల్లబడదు.

బండి ఆఫ్ చేసి, రెడీ లైటు (బండి కదలడానికి సిద్ధంగా ఉందని మీటర్లో చూపేది) ఆరిపోయిందని చూసుకుని, తాళాన్ని ఇంట్లో పెట్టేయండి. ఇది చాలా ముఖ్యం. రెడీలో ఉన్న హైబ్రిడ్ చప్పుడు లేకుండా నిలబడి, మీ చెయ్యి ఇంజిన్ మీద ఉన్నప్పుడు తనంతట తాను ఇంజిన్ స్టార్ట్ చేస్తుంది. ఆ తర్వాత 12 వోల్టుల బ్యాటరీ మైనస్ తీసేయండి. ప్రియస్‌లో అది డిక్కీలో ఉంటుంది, డిక్కీ లాక్ కరెంటుతో తెరుచుకునేది, కాబట్టి బ్యాటరీ తీసి ఉన్నంతసేపూ డిక్కీ తలుపు మూయకండి.

క్యామ్రీలో పైన ప్లాస్టిక్ కవరు తీస్తే కాయిల్స్ ఎదురుగానే ఉంటాయి. ప్రియస్‌లో అలా కాదు, ఇంజిన్ ముందు అద్దం కిందికి దూరి ఉంటుంది, వైపర్లు, వాటి మోటారు, కింద ఉన్న కౌల్ (అద్దం అడుగున అడ్డంగా ఉండే పలక) అన్నీ విప్పితేనే చేతికి చోటు దొరుకుతుంది. బోల్టులు విప్పిన వరసలో ఒక గుడ్డ మీద పేర్చుకోండి, విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి.

కాయిల్ తీసేముందు గాలి కొట్టండి, తీశాక ఆ గుంతలో మళ్లీ కొట్టండి. టైర్లకి గాలి నింపే చిన్న కంప్రెసర్ చాలు, కంటికి అద్దాలు పెట్టుకోండి. చీమకుర్తి వైపు తిరిగే బండైతే ఈ పని రెండింతలు శ్రద్ధగా చెయ్యాలి, గ్రానైట్ పొడి ఆ గుంతల్లో పేరుకుని ఉంటుంది, ప్లగ్గు తీసిన మరుక్షణం అదే సిలిండర్లో పడుతుంది, గోడలు గీరుకుపోతాయి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్లలో అయితే కాయిల్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, బలవంతం చెయ్యకుండా కొద్దిగా నూనె వేసి నానబెట్టండి.

పాత ప్లగ్గులు తీసి సిలిండర్ వరసలోనే పెట్టండి. మొన దగ్గర లేత గోధుమ రంగు ఉంటే ఇంజిన్ బాగుంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. మూడు మామూలుగా ఉండి ఒక్కటే ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉండి, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. ఆ 1.8 లీటర్ల ప్రియస్‌లో ఇది ఎరిగిన జబ్బే, పొద్దున స్టార్ట్ అయ్యేటప్పుడు బండి గట్టిగా వణుకుతుంది, అప్పుడు ఎన్ని ప్లగ్గులు మార్చినా తగ్గదు.

కొత్తవాటి గ్యాప్ కంపెనీ పెట్టినట్టే ఉంచండి, గేజ్ దూర్చి వంచితే ఇరిడియం మొన విరుగుతుంది. సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ మాత్రమే పెట్టి, రాట్చెట్ లేకుండా వేళ్లతో తిప్పండి. నాలుగైదు చుట్లు హాయిగా తిరగాలి, మధ్యలో పట్టేస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. మరలకి గ్రీజు, యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) వద్దు, ప్లగ్గులు చేసే డెన్సో, ఎన్‌జీకే కంపెనీలు రెండూ వద్దనే అంటాయి, జిడ్డు మీద బిగించేటప్పుడు కావలసిన దానికన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బిగుతు వచ్చిందో కొలిచే పానా) ఉంటే మాన్యువల్లో ఉన్న లెక్కకి పెట్టండి, ప్రియస్‌కి దాదాపు 20 న్యూటన్ మీటర్లు. అది లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుని వేళ్లతో ఆగేదాకా బిగించి, ఆపైన సగం చుట్టు తిప్పి ఆపండి. ఇంపాక్ట్ గన్ మాత్రం ఎవరు తెచ్చినా వాడనివ్వకండి.

కాయిల్స్ పూర్తిగా కూర్చునేదాకా నొక్కి, వాటి బోల్టులు బిగించి, కనెక్టర్లు టక్కుమనేదాకా పెట్టి, బ్యాటరీ కలిపి, బండిని రెడీలో పెట్టండి. వెంటనే ఇంజిన్ రాకపోతే టెన్షన్ పడకండి, చల్లగా ఉంటే కొన్ని సెకన్లలో అదే వస్తుంది. అయినా మిస్సింగ్ కొడుతుంటే కోడ్ చూసి, ఆ సిలిండర్ కాయిల్‌ని పక్కదానితో మార్చి మళ్లీ నడపండి. కోడ్ కూడా పక్క సిలిండర్‌కి మారితే కాయిల్ పోయినట్టు, అక్కడే ఉండిపోతే కాయిల్ బాగున్నట్టే, ఆ ప్లగ్గుని ఒకసారి చూసి, ఆ తర్వాత ఇంజెక్టర్ వైపో కంప్రెషన్ వైపో చూడాలి.