బ్రాంచిలో తగవులు – 3వ పాఠం: ఎడమొహం పెడమొహం

తగవొస్తే మనుషులు పట్టే దారులు అయిదని థామస్, కిల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1974లో చెప్పారు: పంతం పట్టడం, సర్దుకుపోవడం, చెరిసగానికి ఒప్పుకోవడం, తప్పుకు తిరగడం, కూర్చుని తేల్చుకోవడం. మీ దారేదో రాసుకోమన్నాను కదా పోయినసారి. చాలామంది నాలుగోదే రాసి ఉంటారు. నాదీ అదే. "ఎందుకొచ్చిన గొడవ" అనడం మన ఇళ్లలో నేర్పే తొలి మర్యాద.

కోపం మీదున్నప్పుడు ఓ గంట తప్పుకోవడం తెలివే. రోజుల తరబడి అంటే మాత్రం బ్యాంకులో కుదరదు. క్యాష్ సేఫుకి రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చెయ్యాలి. మోసం జరక్కుండా పెట్టిన ఈ ఏర్పాటే, మాటల్లేని ఇద్దరి మధ్య పడితే బ్రాంచిని ఆపేస్తుంది.

ఒడిశాలోని రాయగడలో నేను పనిచేసిన బ్రాంచిలో క్యాషియర్ తెలుగువాడు, ఆఫీసర్ ఒడియా ఆయన. టీ దగ్గర మేం తెలుగులో నవ్వుకుంటే తన మీదే అనుకునేవారాయన. (ఒక్కోసారి నిజంగా ఆయన మీదే.) ఓ రోజు విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం తేడా దగ్గర మాట పెరిగింది. మర్నాటి నుంచి ఎడమొహం పెడమొహం. ఎంట్రీ వేశాక "సార్, చూడండి" అనే రెండు ముక్కలు ఆగిపోయాయి. ఆయన స్క్రీన్ చూసేదాకా ఓచర్ అక్కడే. బిస్సంకటక్ నుంచి బస్సులో వచ్చిన ముసలాయన పెన్షన్ డబ్బుకి మధ్యాహ్నం దాకా బెంచీ మీదే. క్యాష్ టాలీ అయ్యేసరికి చీకటి. ఇద్దరూ పనిమంతులే, మేనేజరు కంటికి ఇద్దరూ బద్ధకస్తులయ్యారు.

ఇక సాధన. సాయంత్రం సేఫు మూసేటప్పుడు ఎలాగూ పక్కపక్కన నిలబడాలి. ఆ రెండు నిమిషాలు చాలు. "మీరు కావాలనే ఆపుతున్నారు" అన్నారో, పాఠం పోయినట్టే. జరిగింది, అందులో మీ వాటా, ఒక ప్రశ్న, ఈ వరసలో చెప్పండి: "పదకొండింటి ఓచర్ పన్నెండున్నరకి పాసయింది. నేనూ పిలవలేదు. రేపు ఎలా చేద్దాం?" ఎదుటివారి భాషలో మొదలుపెడితే మరీ మంచిది. మా క్యాషియర్ వచ్చీరాని ఒడియాలో "ఆజ్ఞా" (మన "అండీ" లాంటి మర్యాద మాట) అన్నాడు. ఆయన నవ్వలేదు గానీ, తాళంచెవి తిప్పబోయి ఆగారు.

ఈ వారం మూడు ఓచర్లకి ఎంట్రీ టైము, పాసైన టైము రాయండి. ఎవరిది తప్పో రాయొద్దు. ఆ కాగితం చూపిస్తే ఎదుటివారు విరుచుకుపడితే ఏం చెయ్యాలో నాలుగో పాఠంలో.