తుప్పు పట్టిన చాసీ కిందికి దూరే ముందు

కర్నూలు మనిషి తుప్పును పెద్దగా లెక్కచేయడు. సముద్రం ఎక్కడో ఉంది, ఎండ నెత్తిమీదే ఉంది, ఇక ఇనుముకు భయమేమిటని ధీమా. నేనూ ఆ ధీమాతోనే మా పాత జీపు కింద ఏనాడూ పడుకుని చూడలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు అది మా సందులో స్టీరింగు దాకా మునిగింది. నీళ్లు తీశాక ఇంజను విప్పించాం, సీట్లు మార్పించాం. చాసీ అంటే బండిని మోసే అడుగు ఇనుప చట్రం. దాని బోలు పెట్టెల లోపలికి చేరిన ఒండ్రును కడిగించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ ఒండ్రు వాన పడ్డప్పుడల్లా తడిసి, ఇనుమును లోపలి నుంచి తింటూ వచ్చింది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంది. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు జాకీ వేస్తే జీపు లేవలేదు. జాకీ తలే చాసీలోకి దిగిపోయింది.

వానలు మొదలయ్యేలోగా ఇంటి దగ్గరే చాసీకి అతుకులు వేసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. వెల్డింగ్ చేతకాక దెబ్బతిన్నవారిని నేను తక్కువగానే చూశాను. రాడ్డు అంటించకముందు చేయవలసినవి చేయక దెబ్బతిన్నవారే ఎక్కువ.

బండి నేల మీద ఉండగానే ఒక చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు పట్టుకుని పరీక్ష మొదలుపెట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసినది పగిలిన కుండలా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. పైపైన పొడిలా రాలితే బ్రష్షుతో పోయే తుప్పు. పెచ్చులు ఊడితే మందం తగ్గిందని అర్థం. మొన దిగబడిందంటే అక్కడ ఇనుము లేదు, రంగు మాత్రమే ఉంది. ఇరుసు మీదుగా చాసీ వంపు తిరిగే చోటు, కమాను కట్టలను చాసీకి తగిలించే హ్యాంగర్లు, అడ్డపట్టీలు కలిసే మూలలు, బాడీ కూర్చునే రబ్బర్ల కింద ముందు చూడాలి. మట్టి నిలిచేది అక్కడే. యూరియా, పొటాషు సంచులు మోసిన బండి అయితే ఇంకా జాగ్రత్తగా చూడండి. రాలిన ఎరువు చెమ్మ తగిలి కరిగితే ఇనుముకు సముద్రపు గాలి తగిలినట్టే.

మొన దిగింది స్టీరింగు బాక్సు బిగించే దగ్గరో, హ్యాంగర్ల దగ్గరో అయితే ఇంటి పని అక్కడితో ఆపండి. చాసీ కొలతలు తీసి, వంకర పోకుండా కట్టి అతికే వర్కుషాపు చేయవలసిన పని అది. నేను కూడా హ్యాంగరు భాగాన్ని వారికే వదిలి, బాడీ కూర్చునే బ్రాకెట్ల వరకే చేసుకున్నాను. మారుతి 800 లాంటి కార్లకైతే విడిగా చాసీయే ఉండదు. నేలరేకు, తలుపుల కింది పెట్టెలు, పైకప్పు కలిసి ఒకే గూడు. తలుపు కింద రేకు ఊడితే అది అందానికి వచ్చిన లోటు కాదు, బండి వెన్నుకు వచ్చిన లోటు. అక్కడ ఒకేసారి బారుగా కోసేస్తే గూడు కుంగి, మళ్లీ తలుపు పడదు.

ఇక పైకి లేపడం. అన్నిటికంటే నాకు భయం దీనిమీదే.

మన వైపు ఏ ఇంటి వెనక చూసినా రెండు కడప బండలు మిగిలి ఉంటాయి. జాకీ కిందో, చాసీ కిందో అవి పెట్టేయడం అలవాటు. ఆ రాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. నేల మీద పరిస్తే తరాల తరబడి నిలుస్తుంది. అడుగున బోలుగా ఉండి, ఒకేచోట బరువు పడితే మాత్రం చెప్పకుండా విరుగుతుంది. ఇటుకల సంగతీ అంతే. జాకీ లేపడానికే తప్ప మోయడానికి కాదు. లోపలి వాషరు కారితే హైడ్రాలిక్ జాకీ మీకు తెలియకుండానే దిగుతూ ఉంటుంది. బండి బరువుకు తగిన ఇనుప స్టాండ్లు ఉండాలి, అవీ సుత్తితో కొట్టి చూసిన గట్టి చోటే ఆనాలి. నల్లరేగడి నేల అయితే ఒక జల్లుకే మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. కాంక్రీటు నేల లేకపోతే అడుగున మందపు చెక్క మొద్దులు పరవండి. నేల మీద మిగిలిన చక్రాలకు రెండు వైపులా ఆపులు వేయండి. విప్పిన చక్రాన్ని చాసీ కిందికి తోసి ఉంచండి, స్టాండు జారినా మనిషి పట్టేంత సందు మిగులుతుంది. లోపలికి దూరేముందు బండిని నడుముతో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే దూరవద్దు. పిలిస్తే పలికే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, చిన్నపిల్లలు లెక్కలోకి రారు.

తరువాత ట్యాంకు. “పెట్రోలు మొత్తం తీసేశాం కదా” అనే మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారుతుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. మిగిలిన తడి నుంచి లేచే ఆవిరి, గాలి కలిసి ఒక నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి గుంతలో చేరుతుంది. వెల్డింగ్ చేసేది చాసీ ముందు భాగమైనా సరే, ట్యాంకును విప్పి, మూతలు బిగించి, వంటింటికీ పనిచోటుకూ దూరంగా పెట్టండి. డీజిలు అంటుకోదన్న నమ్మకం కూడా వదిలేయండి. వేడెక్కిన డీజిలు ఆవిరి అంటుకుంటుంది. గ్యాసుతో నడిచే బండి అయితే సిలిండరు తీయించకుండా ఇంట్లో నిప్పు పనే పెట్టుకోవద్దు. చాసీ వెంబడే పారే డీజిలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు పక్కకు తప్పించాలి. రేకుకు అవతలి వైపు చేయి పెట్టి తడమండి. తివాచీ, సీటు స్పంజి, తారు పూత లాంటివి అక్కడే ఉండి, మీరు కింద వెల్డింగ్ చేస్తుంటే పైన రాజుకుంటాయి.

బ్యాటరీ తీగలు రెండూ విప్పాలి, ముందు నెగెటివ్. కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టె ప్లగ్గు కూడా ఊడదీయండి. వెల్డింగ్ కరెంటు మిషనుకు తిరిగి వెళ్లే ఎర్త్ తీగ క్లాంపును అతుకుకు వీలైనంత దగ్గరగా, గీకి మెరిపించిన ఇనుము మీద పట్టించాలి. ఎక్కడో బంపరుకు తగిలిస్తే ఆ కరెంటు బేరింగుల గుండానో, హ్యాండ్‌బ్రేకు తీగ గుండానో దారి వెతుక్కుంటుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద చెమటతో తడిసిన ఒళ్లు కరెంటును తేలికగా పట్టుకుంటుంది. వెల్డింగ్ మిషను వట్టిగా ఉన్నప్పుడు కూడా హోల్డరు దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. తడి బనియనుతో చాసీ మీద వీపు ఆనించి పడుకున్నవాడికి అది చాలు. పొడి తోలు చేతిజోళ్లు, గట్టి బూట్లు, వీపు కింద పొడి చెక్కపలక ఉండాలి. హవాయి చెప్పులతో వద్దు. ఉదయం ఆరు నుంచి పది దాకా చేసి ఆపేయండి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో మిషను నడిపితే ముందు కాలేది ఆ తీగే.

గ్రైండరు పట్టేటప్పుడు మెడలో తువ్వాలు, ఒంటిమీద లుంగీ ఉండకూడదు. వైరు బ్రష్షు నుంచి ఊడే తీగముక్కలు సూదుల్లా వస్తాయి, కళ్లజోడు ఒక్కటే చాలదు, ముఖానికి అడ్డు కావాలి. గార్డు తీసేసి పెద్ద బిళ్ల ఎక్కించే తెలివితేటలు దయచేసి వద్దు. పాలిస్టరు చొక్కా కాలితే చర్మానికి అతుక్కుంటుంది, నూలుదే వేసుకోండి.

వెల్డింగ్ వెలుగుకు ముఖం అడ్డులో 10 లేదా 11 నంబరు నల్లగాజు ఉండాలి. చల్లద్దాలు పనికిరావు. వెలుగు తగిలిన కన్ను అప్పటికప్పుడు నొప్పి పెట్టదు. అర్ధరాత్రి ఇసుక పోసినట్టు మండుతుంది. బంగాళాదుంప ముక్కలు, చనుబాలు, తెలిసినవారిచ్చిన చుక్కల మందు కాకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గోడ పక్కన నిలబడి చూసే పిల్లలకు కూడా ఇది తగులుతుంది, ఒక గోనెపట్టా అయినా అడ్డం కట్టండి.

అతుకుకు ఇంట్లో మిగిలిన జీఐ రేకు, అంటే జింకు పూత రేకు, వాడాలనిపిస్తుంది. దాని మీది జింకు కాలి వచ్చే తెల్లటి పొగ పీల్చితే ఆ రాత్రి మలేరియాలా చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే, బెల్లం తింటే విరుగుడు అంటారు. విరుగుడు ఆ రేకు వాడకపోవడమే. బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేలలో క్లోరిన్ ఉన్న రకాలు వెల్డింగ్ వేడికి విషవాయువు అవుతాయి, ఆ డబ్బా దగ్గర్లోనే ఉండకూడదు. మరుగుదొడ్డి యాసిడ్ పోసి తుప్పు వదలగొట్టేవారున్నారు. ఇనుము తెల్లగా మెరుస్తుంది, నిజమే. సందుల్లో మిగిలిన ఆ యాసిడే నెల తిరగకముందే రెట్టింపు తుప్పు తెస్తుంది. కాల్చిన ఇంజను ఆయిలు పూత మీద నాకు అంత కోపం లేదు కానీ, అది పూసినచోట వెల్డింగ్ చేస్తే మంట, రంగు వేస్తే ఊడిపోతుంది.

కోసేటప్పుడు గట్టి ఇనుము తగిలేదాకా కోయాలి. తుప్పు మీదే అతుకు వేస్తే అది కాగితం మీద కుట్టినట్టు. కొంచెం కొంచెంగా, చోట్లు మారుస్తూ అతకండి. చాసీకి అడ్డంగా, పై నుంచి కిందికి ఒకే నిలువు గీతలా వెల్డింగ్ వేయవద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. గీకిన ఇనుముకు ఆ రోజే ప్రైమరు పూయాలి. ఆరిన తర్వాత పెట్టెల లోపల మైనపు స్ప్రే కొట్టండి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మూసేయకండి.

పనిచోటుకు చుట్టూ పది, పదకొండు మీటర్ల దూరంలో ఎండుగడ్డి, వేరుశనగ కట్టె వాము, ప్లాస్టిక్ పట్టాలు ఉండకూడదు. ఆషాఢం గాలి మొదలైతే ఆ దూరమూ చాలదు, ఆ రోజు పని మానుకోండి. ఇసుక బక్కెట్టు, పొడి అగ్నిమాపకం చేతికందేలా ఉంచండి. చివరి అతుకు వేశాక కనీసం గంటసేపు అక్కడే కూర్చోండి. అప్పటిదాకా కనబడని పొగ అప్పుడే కనబడుతుంది.

చాసీ నంబరు కొట్టిన చోటును మొదటిరోజే వెతికి, ఫొటో తీసి, దానిమీద టేపు అంటించండి. దాన్ని గీకడం, దానిమీద వెల్డింగ్ చేయడం వద్దు. తుప్పు కప్పేసి ఉంటే కిరోసిను, చేతి బ్రష్షుతో మెల్లగా తుడవండి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే నాడు అధికారి ముందుగా చూసేవాటిలో అదొకటి. మా జీపు నంబరులో ఒక ఎనిమిది ఇప్పుడు మూడులా కనిపిస్తుంది. గ్రైండరు పట్టింది నేనే.