పూడిక తీసేటప్పుడు మడుగు వదలండి: చెరువులో చేపలూ కొంగలూ మిగిలే పద్ధతి

ఏటా ఎండాకాలం శ్రీకాకుళం జిల్లాలోని మా టెక్కలి చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో చెరువు పూడిక తీస్తుంటారు. నాలుగు రోజులు పొక్లెయిన్ తిరుగుతుంది. చెరువు పళ్లెంలా నున్నగా తయారవుతుంది, అందరూ సంతోషిస్తారు. మరుసటి ఏడాది చూస్తే అందులో కొర్రమీను ఉండదు, కొంగ వాలదు. నాకు ఇది చూస్తే కడుపు మండుతుంది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. వాటికి గూడు పెట్టుకునే చెట్టు ఒక్కటే సరిపోదు. పిల్లలకు పెట్టే చేప, నత్త మన చెరువుల్లో, బీలల్లో (నీళ్లు నిలిచే పల్లపు చిత్తడి నేలల్లో), వరిమడుల్లో దొరకాలి.

ముందు పంచాయతీ తీర్మానం చేయించండి, చెరువు ఏ శాఖ కింద ఉందో వాళ్ల అనుమతి తీసుకోండి. గునపాలు, పారలు, తట్టలు, ముగ్గు వేయడానికి సున్నం, మట్టి తోలడానికి ట్రాక్టర్లు చాలు. ఉపాధి పనిలో పెట్టించగలిగితే అంతకంటే మంచిది లేదు. మనిషి పారతో తవ్విన చెరువు నీళ్లు నిలుపుతుంది. రోహిణి కార్తె దాటేలోపు పని అయిపోవాలి.

గుర్రపు డెక్కను పూత రాకముందే వేళ్లతో సహా లాగేయాలి. లాగింది గట్టు లోపలి వాలు మీద వేయకండి, మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి జారుతుంది. గట్టు అవతల ఎండబెట్టండి. దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి వానలు పడ్డాక మరో రెండుసార్లు ఏరక తప్పదు. మందు కొట్టవద్దు. ఒక మూల జమ్ము, తుంగ వదిలేయండి, నీటికోళ్లు గుడ్లు పెట్టేది అక్కడే.

ఇక అసలు పని, మడుగు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

చెరువు ఎండినా ఒకచోట నీళ్లు మిగలాలి. పరిగెలు, జెల్లలు, ఇంగిలాయిలు, కొర్రమీనులు వచ్చే వానల దాకా బతికేది ఆ నీళ్లలోనే. మూడెకరాల చెరువుకు పది సెంట్ల మడుగు ఉండాలి. మదుము (పొలాలకు నీళ్లు వదిలే తూము) గడప కంటే అది కిందికి ఉండాలి, అప్పుడే మదుము పూర్తిగా ఎత్తినా ఆ నీళ్లు పోవు. సరిగ్గా మదుముకు ఎదురుగా మాత్రం తవ్వకండి. కాస్త పక్కకు జరిగి, గట్టుకు పది గజాలు తగ్గకుండా ఎడంగా తవ్వండి. గట్టు మొదట్లో తవ్వితే గట్టే జారుతుంది.

ఎంత లోతు తవ్వాలని అడుగుతారు. నేను ఎప్పుడూ అడుగుల లెక్క ముందుగా చెప్పను, మట్టిని అడగమంటాను. చెరువు అడుగున బంకమట్టి పొర ఉంటుంది, నీళ్లను పట్టి ఉంచేది అదే. ముందు గునపంతో సన్నని గుంత తీయండి. జానెడు జానెడుకీ మట్టి తీసి, తడిపి, అరచేతుల మధ్య పెన్సిలంత సన్నగా పేనండి. దాన్ని గాజులా వంచండి. విరగకుండా వంగితే బంక. పగుళ్లిచ్చి విరిగితే ఇసుక కలుస్తోందన్నమాట. ఇసుక ఎక్కడ తగిలిందో కొలిచి, దానికి రెండడుగుల పైనే తవ్వకం ఆపేయండి. చూసిన గుంతను అదే బంకతో దిమ్మిస కొట్టి పూడ్చండి, లేకపోతే నీళ్లు ఆ కన్నంలోంచే దిగిపోతాయి. ఒక ఊళ్లో నేను వద్దంటున్నా ఇంకో అడుగున్నర దింపారు. ఇసుక తగిలింది. ఆ ఏడు నిండిన చెరువు సంక్రాంతికి పిల్లలు క్రికెట్ ఆడుకునేలా ఎండిపోయింది.

ఇంకో జాగ్రత్త. ఎండిన చెరువంటే ఖాళీ చెరువు కాదు. ఒకసారి మే నెలలో పగుళ్లిచ్చిన మట్టిపెళ్లను గునపంతో ఎత్తితే, కింద తడి బురదలో రెండు మట్టగిడసలు పక్కపక్కనే ఉన్నాయి. ఒళ్లంతా జిగురు, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాయి. అలాంటి చోట యంత్రం తిరిగితే అన్నీ నలిగి చస్తాయి. అందుకే ముందు మడుగు తవ్వి నీళ్లు పెట్టండి. తర్వాత తడి ఉన్న చోట్ల చేత్తో వెతికి, దొరికిన చేపలను తడిగోనెలో పెట్టి మడుగులో వదలండి. ఆ తర్వాతే మిగతా చెరువు జోలికి వెళ్లండి. అదీ ఒకే ఏడు మొత్తం గీకవద్దు. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం.

మిగతాది సులువు. అంచులు నిలువుగా కోయకండి, అడుగు లోతుకు ఐదడుగుల వాలు ఉండాలి. జానెడు నీళ్లున్న చోటే కొంగ నిలబడి మేస్తుంది. ఒండ్రు పొలాలకు తోలండి, కొంచెం చెరువు మధ్య దిబ్బగా పోసి నల్లతుమ్మ నాటండి. దాని మొదలు నెలల తరబడి నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది. గట్టు అవతల చింత, రావి పెట్టండి. నీలగిరి వద్దు.

చేపపిల్లలు కొనకండి. బొచ్చె, శీలావతి పెంచుకోవాలంటే వేరే గుంట తవ్వుకోండి. తిలాపియాను, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దగ్గరికి కూడా రానివ్వకండి, నాటు చేపల పిల్లల్ని మింగేస్తాయి. చెరువులోకి గెడ్డ (వాగు) నీళ్లొచ్చే దారి, నిండాక ఎక్కువైన నీళ్లు పోయే కలింగ దారి తెరిచి ఉంచితే చాలు. మృగశిర వానలకు చేప తనే ఎదురెక్కుతుంది. ఆ మొదటి వరదలో వల కట్టిన చోట ఎంత పూడిక తీసినా లాభం లేదు, కడుపు నిండా గుడ్లున్న తల్లిచేపలన్నీ ఆ వలలోనే పడతాయి.

వానాకాలంలో నీళ్ల మీద ఎర్రగా గుంపుగా కదిలే పిల్లలు కనిపిస్తే అవి కొర్రమీను పిల్లలు. కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ పిల్లల ఎరుపు పోయి, గుంపు విడిపోయి, వాటంతట అవి తిరిగేదాకా అటువైపు గాలం వేయనివ్వకండి.