ఫ్రాంటియర్ పెళ్లి నవల రాయడం ఎలా – మూడో పాఠం: అసలు వీళ్లిద్దరూ పెళ్లెందుకు చేసుకుంటున్నారు?

ఫ్రాంటియర్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో తూర్పు నుంచి వచ్చినవాళ్లు కొత్తగా స్థిరపడుతున్న పడమటి ప్రాంతం. రెండో పాఠం చివర్లో ఒక పని ఇచ్చాను, మీ కథ జరిగే చోటు, సంవత్సరం ఖాయం చేసుకోమని. అది చేయకుండా ఈ పాఠం చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఈరోజు చెప్పేదంతా ఆ సంవత్సరం మీదే ఆధారపడి ఉంది. ఒరెగాన్, 1851 అని రాసుకున్నవాళ్ల కథలో పెళ్లి కారణం వేరు, నెబ్రాస్కా, 1875 అని రాసుకున్నవాళ్ల కథలో వేరు.

"ప్రేమించుకున్నారు కాబట్టి పెళ్లి చేసుకున్నారు" అని రాస్తే క్రైస్తవ విశ్వాసంతో నడిచే ఈ తరహా నవల మొదటి అధ్యాయంలోనే అయిపోతుంది. ఇక్కడ పెళ్లి ముందు, ప్రేమ తర్వాత. 1979లో జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’లో భర్త పోయిన ఒక గర్భిణికి, భార్య పోయి చిన్నపిల్లతో మిగిలిన రైతుకి పెళ్లవుతుంది. పిల్లకి తల్లి కావాలి, ఆమెకి చలికాలం గడవడానికి ఒక ఇల్లు కావాలి, అంతే. నాకు ఆ కథలో బాగా నచ్చింది ఆ రైతు ఇచ్చే మాట: వసంతకాలంలో బళ్లు తూర్పుకి వెళ్లేటప్పుడు నీకు వెళ్లిపోవాలనిపిస్తే దారి ఖర్చు నేనిస్తాను అంటాడు. వెళ్లిపోయే వీలు ఉంది కాబట్టే ఆమె ఉండిపోవడానికి విలువ వచ్చింది. మీ కథలో కూడా ఇద్దరిలో ఒకరికైనా అలాంటి వీలు ఉంచండి.

తెలియని మనిషితో కాపురం మొదలుపెట్టడం అంటే ఏమిటో తెలుగు పాఠకులకి విడమరిచి చెప్పనక్కర్లేదు, పెళ్లిచూపుల్లో పది నిమిషాలు చూసి తాళి కట్టించుకున్న అమ్మమ్మలు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. మీరు చెప్పాల్సింది తేడా. ఫ్రాంటియర్‌లో ఆ అమ్మాయికి అలిగి వెళ్లడానికి పుట్టిల్లు దగ్గర్లో లేదు, సర్దిచెప్పే మేనమామ లేడు, పంచాయితీ పెట్టే పెద్దమనిషి లేడు. ఒరెగాన్ దారి సుమారు రెండు వేల మైళ్లు, ఎడ్లబండి మీద అయిదారు నెలలు. గొడవైనా ఆ ఒక్క గదిలోనే ఉండాలి.

ఇప్పుడు కారణం సంగతి. కొత్తగా రాసేవాళ్లు కారణం కోసం విలన్‌ని తెస్తారు, అప్పులవాడినో, బలవంతపెట్టే మారుతండ్రినో. అక్కర్లేదు. ఆ రోజుల చట్టం పుస్తకంలోనే కావలసినంత కథ ఉంది.

1850 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ ఒరెగాన్ భూదాన చట్టం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 1కి ముందే అక్కడ స్థిరపడ్డ 18 ఏళ్లు దాటిన తెల్లజాతి మగవాడికి ఒంటరిగా ఉంటే 320 ఎకరాలు, పెళ్లయి ఉంటే దంపతులకి 640. ఆ రెండో సగం భార్య సొంత పేరునే. అప్పటికి పెళ్లి కాకపోతే 1851 డిసెంబరు 1 దాకా గడువిచ్చారు. తర్వాత నాలుగేళ్లు అక్కడే ఉండి సాగు చేయాలి. ఒక్కసారి ఆలోచించండి, పెళ్లి చేసుకోవడానికి సర్కారు తారీఖు పెట్టింది, పెళ్లాడితే ఆడమనిషి పేరున పొలం వస్తుంది, పెళ్లికాని ఆడవాళ్లేమో చాలా తక్కువ. మీరు కల్పించాల్సింది ఇద్దరు మనుషుల్ని మాత్రమే.

అయితే ఇదే చట్టం వల్ల పసితనం వదలని ఆడపిల్లలకి కూడా హడావిడిగా పెళ్లిళ్లు జరిగాయి. దాన్ని తీయటి కథగా రాయకండి. మీ నాయికకి పెళ్లి వయసు రానివ్వండి, కావాలంటే పక్క గుడిసెలో అలాంటి చిన్నపిల్ల ఒకర్తె ఉండనివ్వండి, నాయిక ఆ పిల్లని చూసి నిద్ర పట్టక దొర్లనివ్వండి. ఇంకో మాట. ఒరెగాన్‌లోని విలామెట్ లోయలో పంచిపెట్టిన ఆ నేల అక్కడి మూలవాసులైన కలపూయా ప్రజలది. ఆ నేల గురించి వాళ్లతో చేసుకుని అమెరికా సెనేట్ ఆమోదించిన ఒప్పందం 1855 దాకా లేనే లేదు, అంటే ఆ ఒప్పందం కంటే నాలుగేళ్లకి పైగా ముందే వాళ్ల నేలకి ఎకరాల లెక్క కట్టేశారు. "పొరుగువాడిది ఆశింపకూడదు" అనే ఆజ్ఞ తెలిసిన పాత్ర ఆ పొలంలో నిలబడి ఏమీ అనుకోకపోతే ఆ భక్తిని నేను నమ్మను. చాలా నవలలు ఈ మాట తాకకుండా దాటిపోతాయి. మీరు దాటొద్దు.

ఒకే సన్నివేశాన్ని రెండు రకాలుగా రాసి చూపిస్తాను. ఏమస్, హన్నా అని పేర్లు పెట్టుకుందాం, విలామెట్ లోయ, 1851 నవంబరు. మొదటి రకం:

"ప్రభువే మనల్ని కలిపాడని నా హృదయం చెబుతోంది హన్నా, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అంటూ ఏమస్ ఆమె కళ్లలోకి చూశాడు.

రెండో రకం:

ఏమస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డిసెంబరు ఒకటికి ఇంకా తొమ్మిది రోజులుంది. పెళ్లయితే మూడు వందల ఇరవై ఎకరాలు మీ పేరున వస్తుంది. వాగుకి ఇవతల వైపుది మీరు తీసుకోండి, నీళ్లు దగ్గర."

హన్నా పిండి కలపడం ఆపలేదు. "నాకు సేద్యం రాదు."

"నాకు రొట్టె చేయడం రాదు."

"భోజనానికి ముందు ప్రార్థన చేస్తారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా ఆవిడ ఉన్నప్పుడు చేసేవాణ్ణి."

రెండోదాంట్లో దేవుడి పేరే లేదు, అయినా దేవుడితో ఆయనకున్న గాయం బయటపడింది. ఆ భార్య దారిలో కలరాతో పోయిందనుకోండి (1849 నుంచి 1852 మధ్య ఆ దారిలో కలరా చాలామందిని తీసుకుపోయింది), ఇక మీ నవలకి రెండు దారాలు దొరికినట్టే. ఈ ఇద్దరూ దగ్గరవుతారా అన్నది ఒకటి, ఆయన మళ్లీ భోజనం ముందు తల వంచుతాడా అన్నది రెండోది. ఈ రెండూ వేరువేరుగా నడవకూడదు. ఒక పూట ఆమె జ్వరంతో పడుకుని ఉంటే రొట్టె ఆయనే కాల్చి, తినబోయి ఆగి, ఏదో గొణుక్కున్నాడనుకోండి, అక్కడ రెండూ ఒకేసారి ముందుకి కదిలాయి.

నెబ్రాస్కానో, కాన్సాస్‌నో ఎంచుకున్నవాళ్లకి లెక్క తిరగబడుతుంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు, లేదా కుటుంబ పెద్ద అయినవాళ్లు 160 ఎకరాలకి అర్జీ పెట్టుకోవచ్చు, అయిదేళ్లు అక్కడ ఉండి సాగు చేసి పట్టా తీసుకోవచ్చు. పెళ్లికాని స్త్రీ, విధవరాలు కూడా పెట్టుకోవచ్చు. భర్తతో కాపురం ఉంటున్న ఇల్లాలికి మాత్రం మామూలుగా ఆ హక్కు లేదు. అంటే ఇక్కడ పెళ్లి చేసుకోకపోవడానికే ఆమెకి గట్టి కారణం ఉంది. ల్యాండ్ ఆఫీసుకి వెళ్లి తన పేరున అర్జీ పెట్టుకోగలిగి కూడా ఆమె పెళ్లికి ఒప్పుకుందంటే ఎందుకో మీరు పాఠకుడికి చెప్పి ఒప్పించాలి, అది కష్టమే, కానీ ఒప్పించగలిగితే ఆ కథ నిలబడుతుంది. ఈ చట్టం అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1 నుంచి. 1850ల కథలో హోమ్‌స్టెడ్ పట్టా పెడితే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ఇక విశ్వాసం సంగతి. గుర్రం మీద ఊరూరా తిరిగే మెథడిస్టు బోధకుడు ఎప్పుడొస్తే అప్పుడే పెళ్లి, అప్పుడే బాప్తిస్మం, ఎప్పుడో పాతిపెట్టిన మనిషికి ప్రార్థన కూడా అప్పుడే. ఈ ఒక్క విషయం మీ కథ క్యాలెండర్ మొత్తాన్ని మార్చేస్తుంది. దీనికంటే బాగా పనికొచ్చేది శాఖల తేడా. ఆమె మెథడిస్టు, ఆయన బాప్టిస్టు అనుకోండి. పెళ్లప్పుడు ఎవరూ పట్టించుకోరు. బిడ్డ పుట్టాక ఆమె పసిబిడ్డకి చిలకరింపు బాప్తిస్మం ఇప్పిద్దామంటుంది, ఆయన వాడు పెరిగి తానే విశ్వసించి నీళ్లలో మునగాలి అంటాడు. గుంటూరు లూథరన్ల ఇంటి నుంచి ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టుల ఇంటికి కోడలిగా వెళ్లినవాళ్లని అడగండి, ఆ రాత్రి ఆ ఇంట్లో మాటలు ఎలా ఉంటాయో చెబుతారు. ఇద్దరూ దేవుణ్ణి ప్రేమించేవాళ్లే, ఇద్దరి చేతిలోనూ అదే బైబిలు. చెడ్డవాడు లేకుండా వచ్చే గొడవ ఇది, నవలకి ఇంతకంటే మంచిది దొరకదు.

నిజంగా జరిగిన ఒక పెళ్లి కూడా చెబుతాను. ఒరెగాన్‌లో మెథడిస్టు మిషన్ స్థాపించిన జేసన్ లీ దగ్గరికి 1836లో మిషన్ పెద్దలు ఓడలో పంపిన బృందంలో యానా మరియా పిట్‌మన్ అనే యువతి ఉంది. వాళ్లిద్దరికీ కుదిరితే బాగుండునని పెద్దల ఆశ. ఆమె చేరిన రెండు నెలలకి, 1837 జులై 16న, పెళ్లయింది. మరుసటి వసంతంలో ఆయన మిషన్ పనిమీద తూర్పుకి బయల్దేరాడు, అప్పటికి ఆమె గర్భిణి. జూన్‌లో కాన్పు తర్వాత ఆమె, బిడ్డ ఇద్దరూ పోయారు. ఆ కబురు దారిలో ఉన్న ఆయనకి చేరడానికి వేసవి గడిచిపోయింది.

ఇలాంటి చావు మీ నవలలో వస్తే దయచేసి ఆ పేజీలోనే పాస్టరు చేత కారణం చెప్పించకండి. "అంతా మేలుకే" అని వెంటనే ఎవరో ఒకరు అనేస్తే దుఃఖపడేవాళ్లకి మీ పుస్తకంలో చోటుండదు. బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే, మాట్లాడటం మొదలుపెట్టాకే తప్పులు వచ్చాయి. మీ పొరుగింటి పాత్రని వచ్చి ఆవుపాలు పితికి వెళ్లిపోనివ్వండి.

ఇప్పుడు మీ పని. మీ నాయికానాయకుల పెళ్లి మాటల సన్నివేశం ఒకటి, రెండు పేజీలు మించకుండా రాయండి. "ప్రేమ" అనే మాట, "దేవుని చిత్తం" అనే మాట వాడొద్దు. ఒక అంకె ఉండాలి: ఎకరాలో, రోజులో, పిండి బస్తాలో. ఇద్దరిలో ఒకరు అడగాల్సిన ప్రశ్న అడగకుండా మింగేయాలి, అదేమిటో మీరు పక్కన వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో కావాలి. అందులో మొదటి చలికాలం రాస్తాం, మట్టి గడ్డల ఇంట్లో ఇద్దరూ చిక్కుకుపోయిన మంచు తుపాను. 1888 జనవరి 12న నెబ్రాస్కా, డకోటాల మీద వచ్చిపడ్డ తుపాను గురించి వీలైతే ముందే చదివి రండి.