కొత్తగా బిగించిన పీసీ ఆన్ కాకపోతే ఎక్కడి నుంచి వెతకాలి

ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. కొత్తగా బిగించిన పీసీల్లో ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. ఏదో పార్టు పోయిందని వెంటనే అనుకోవద్దు. చాలాసార్లు తప్పు, సరిగా కూర్చోని ర్యామ్‌లోనో పూర్తిగా దిగని కేబుల్‌లోనో ఉంటుంది.

ముందు మానిటర్ కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు. ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్లలో అసలు గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు పోర్టు నుంచి డిస్‌ప్లే ఎప్పటికీ రాదు.

ఏఎం5 (ఏఎండీ కొత్త ప్రాసెసర్ల సాకెట్) బోర్డు అయితే కాస్త ఓపిక పట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు డీడీఆర్5 ర్యామ్ టైమింగ్‌లను సరిచూసుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, ర్యామ్ ఎక్కువగా ఉంటే పావుగంట దాకా పట్టొచ్చు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వస్తుంది.

అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని రాసి ఉన్న చిన్న లైట్లు చూడండి. ఏది ఆరకుండా వెలుగుతూనే ఉండిపోయిందో తప్పు అక్కడే వెతకాలి. ఏ పార్టునైనా ముట్టుకునే ముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

ఎక్కువగా ఆగేది డీర్యామ్ దగ్గర. ర్యామ్‌లన్నీ తీసి, ఒక్కదాన్నే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, అంటే ఏ2లో పెట్టండి. క్లిప్ టక్కుమని పడేదాకా రెండు చివర్లా నొక్కాలి. కొత్త బోర్డుల్లో స్లాట్ చాలా బిగువుగా ఉంటుంది, అందుకే సగం దిగగానే దిగిందనిపిస్తుంది. రెండు ర్యామ్‌లుంటే వాటి చోటు ఏ2, బీ2, అంటే రెండోదీ నాలుగోదీ.

సీపీయూ లైటు వెలిగితే బోర్డు పైమూలన ఉండే 8 పిన్‌ల పవర్ కేబుల్ చూడండి. దాని కొస 4+4గా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ 6+2గా విడిపోతుంది. రెండూ ఒకటి కావు, బలవంతంగా దూర్చొద్దు. కేబుల్ సరిగానే ఉంటే బోర్డు బయాస్ (పీసీని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఆ ప్రాసెసర్ కన్నా పాతదేమో చూడాలి. బీ450 బోర్డులో రైజెన్ 5000, బీ650లో రైజెన్ 9000 పెట్టినప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. బయాస్ ఫ్లాష్‌బ్యాక్ (పీసీ ఆన్ కాకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయాస్ మార్చే సౌకర్యం) ఉన్న బోర్డయితే, కంపెనీ సైట్‌లోని కొత్త బయాస్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, దానికని గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి ఫ్లాష్‌బ్యాక్ బటన్ నొక్కండి. అది పూర్తయ్యేలోపు కరెంటు పోకూడదు.

వీజీఏ లైటు అయితే కార్డును తీసి మళ్లీ బిగించి, దాని పవర్ కేబుళ్లన్నీ పెట్టారో లేదో చూడండి. బూట్ లైటు భయపడాల్సింది కాదు. కొత్త పీసీలో చాలాసార్లు విండోస్ ఇంకా వేయకపోవడం వల్లే అది వెలుగుతుంది.

అసలు ఏ ఫ్యానూ కదలకపోతే ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) వెనక స్విచ్, 24 పిన్‌ల కేబుల్ చూడండి. తర్వాత క్యాబినెట్ నుంచి వచ్చే పవర్ స్విచ్ వైరు తీసేసి, ఆ రెండు పిన్‌లను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించండి. ఆన్ అయితే తప్పు బటన్‌దో, వైరు పెట్టిన చోటుదో. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాతదాని మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లు మాత్రం వాడొద్దు. కొసలు ఒకేలా ఉన్నా లోపల పిన్‌ల వరుస వేరుగా ఉండొచ్చు, అప్పుడు పార్టులు కాలిపోతాయి.

రెండు మూడు సెకన్లకే ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే షార్ట్ అయి ఉండొచ్చు. బోర్డు కింద రంధ్రం లేని చోట స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు కాలు) మిగిలిపోతే అది వెనకవైపు టంకాలకు తగులుతుంది. బోర్డును బయటికి తీసి, దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌తో ఆన్ చేయండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా కావాలి. ఇక్కడ పనిచేస్తే తప్పు క్యాబినెట్‌లో ఉంది. ఒక్కో పార్టే కలుపుతూ, ప్రతిసారీ ఆన్ చేసి చూస్తూ రండి.

ఇలా కూడా రాకపోతే ఎవరిదగ్గరైనా ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి మార్చి చూడండి. తర్వాత ప్రాసెసర్ తీసి, సాకెట్‌లో పిన్‌లు వంగాయేమో మొబైల్ టార్చ్‌తో పక్క నుంచి చూడండి. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో అయితే పిన్‌లు ప్రాసెసర్‌కే ఉంటాయి. బోర్డును వారంటీకి ఇచ్చే ముందు సాకెట్ ఫోటోలు తీసుకుని, కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ మూత బిగించే పంపండి. పిన్‌లు వంగి ఉంటే సాధారణంగా వారంటీ ఇవ్వరు.