ఊరు మారేటప్పుడు చేపల్ని ఇలా తీసుకెళ్లండి

ఇల్లు మారడమంటే నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది చేపలే. సామాను పగిలితే మళ్లీ కొనుక్కోవచ్చు.

ప్రయాణానికి 24 నుంచి 48 గంటల ముందే మేత ఆపేయండి. పాపం అనిపిస్తుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఆ మాత్రం తట్టుకుంటాయి. మేత వేస్తే సంచి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, దారిలో ప్రాణం మీదికి తెచ్చేది అదే.

సంచిలో మూడో వంతు తొట్టి నీళ్లు పోసి, మిగతాదంతా గాలికి వదలండి. నోటితో మాత్రం ఊదొద్దు. దూరం ఎక్కువైతే అక్వేరియం షాపులో ఆక్సిజన్ పట్టించండి. సంచి అడుగున రెండు మూలలూ మడిచి టేపు వేయండి, లేకపోతే చిన్న చేపలు అక్కడ ఇరుక్కుని నలిగిపోతాయి. ముళ్లున్న క్యాట్‌ఫిష్‌కి మూత బకెట్టే నయం. సంచులన్నీ థర్మోకోల్ డబ్బాలో పెట్టి మూసేయండి. చీకట్లో చేపలు కుదురుగా ఉంటాయి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా ఉండేది అందులోనే. తొట్టి నీళ్లతో తడిగానే తీసుకెళ్లండి. తొట్టిని మాత్రం పూర్తిగా ఖాళీ చేశాకే ఎత్తాలి. నీళ్లు, రాళ్లు ఉండగా లేపితే అతుకులు వదిలేస్తాయి.

చేరగానే ముందు తొట్టి, ఫిల్టర్ సిద్ధం చేయండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు కలపాలి. మూతి విప్పకుండానే సంచిని 15-20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. విప్పాక ఆలస్యం వద్దు, చేపల్ని వలతో తొట్టిలోకి మార్చేసి సంచి నీళ్లు పారబోయండి. ఆ రోజుకి లైటు వేయకండి, మేత మర్నాడు కొంచెమే.